ఫోను వాళ్ల చేతిలోనే ఉండనివ్వండి

ఏటా నవంబరు వచ్చిందంటే మన పేటల్లోని పెద్దవాళ్లకు ఒక పని పడుతుంది. తాము ఇంకా బ్రతికే ఉన్నామని నిరూపించుకోవాలి. కేంద్ర ప్రభుత్వ పింఛను తీసుకునేవారు ఆ నెలలో జీవన ధ్రువీకరణ పత్రం ఇవ్వాలి. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారుల్లో 80 ఏళ్లు దాటినవారికి అక్టోబరు 1 నుంచే వీలుంది. ఈపీఎఫ్ పింఛను వచ్చేవారు ఏడాదిలో ఎప్పుడైనా ఇవ్వవచ్చు. ఇచ్చిన రోజు నుంచి ఏడాదిపాటు చెల్లుతుంది. ఇవ్వకపోతే పింఛను ఆగిపోతుంది. ఈపీఎఫ్ కనీస పింఛనును 2014 సెప్టెంబరులో నెలకు 1000 రూపాయలుగా నిర్ణయించారు. ఆ వెయ్యి కోసం పెద్దవాళ్లు బ్యాంకు మెట్లు ఎక్కి దిగుతున్నారు. అదే పని ఇంట్లో కూర్చుని చేసుకోగల ఫోను మాత్రం కొడుకు జేబులోనో, మనవరాలి చేతిలోనో ఉంటోంది.

2014 నవంబరు 10న జీవన్ ప్రమాణ్ మొదలైనప్పుడు వేలిముద్రో, కనుపాపో చూపించాల్సి వచ్చేది. ఎక్కువచోట్ల ఉన్నది వేలిముద్ర యంత్రమే. షోలాపూర్‌లో బీడీలు చుట్టిన అమ్మకు, బెంగళూరు, చెన్నై, ముంబయి వీధులు ఊడ్చిన నాన్నకు, కోలారు గనుల్లో రాయి కొట్టిన తాతకు వేళ్ల మీద గీతలు అరిగిపోయి ఉంటాయి. యంత్రం ఆ వేలిని గుర్తుపట్టదు. బ్రతుకంతా చేసిన కష్టమే వాళ్లెవరో తెలియకుండా అడ్డుపడుతుంది. 2021 నవంబరు నుంచి ఆండ్రాయిడ్ ఫోనులో ముఖం చూపించినా చాలు. ఒకే ఫోనులో ఎంతమందికైనా చేయవచ్చు. మార్గం ఉంది. దాన్ని పెద్దవాళ్లకు చూపించేవారే కరవయ్యారు.

నేర్పే బాధ్యత ప్రభుత్వం తీసుకోలేదా అంటే, తీసుకుంది. 2017లో ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్ వచ్చింది. ఇంటికొకరు చొప్పున 6 కోట్ల మందికి కంప్యూటరు, ఫోను వాడకం నేర్పడం దాని లక్ష్యం. 2024 మార్చితో అది ముగిసింది. అయితే అది పల్లెలకే పరిమితం, వయసు 14 నుంచి 60 వరకే. అంటే పట్నం వాడల్లో కాపురముంటూ 60 దాటిన మన తల్లిదండ్రులు రెండు విధాలా లెక్కలోకి రాలేదు. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, యాసిడ్ దాడి బాధితులు, చూపు లేనివారు ఈ-కేవైసీలో పడుతున్న ఇబ్బందులపై తీర్పు చెబుతూ, డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని స్పష్టం చేసింది. హక్కు కోర్టులో పలికింది. అది ఇంట్లోకి రావాలంటే ఇంట్లోవాళ్లే పూనుకోవాలి.

ఇక్కడే మన ఇళ్లలో ఒక మాట అడ్డం వస్తోంది. “ఇటివ్వమ్మా, నేను చేస్తా.” ప్రేమతో అనే మాటే. పని కూడా చిటికెలో అయిపోతుంది. కానీ అమ్మకు ఏమీ రాదు. వచ్చే నెల మళ్లీ అడగాలి, ఎవరికి తీరిక దొరుకుతుందా అని చూడాలి. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. పిన్ ఎవరి దగ్గర ఉంటే డబ్బు వారి దగ్గర ఉన్నట్టే. ఖాతాలో ఎంతుందో, ఎవరు ఎంత తీశారో తెలియని తల్లి తన పింఛనుకు తానే పరాయిదవుతుంది. మంచి కొడుకున్న ఇంట్లో అది పరాధీనత. మరో రకం ఇంట్లో అది దోపిడీ. అందుకే తల్లిదండ్రులకు ఫోను నేర్పడాన్ని మేము తీరికవేళ చేసే సాయంగా చూడడం లేదు, న్యాయం కిందే లెక్కిస్తున్నాం.

మన ప్రవాస తెలుగువారికి ఇందులో మరో చిక్కుంది. ఫోను ఇంగ్లీషులో ఉంటుంది. పిల్లలు మార్చినా కన్నడంలోకో, మరాఠీలోకో, తమిళంలోకో, ఒడియాలోకో మారుస్తారు, వాళ్లు చదివింది ఆ భాషలోనే గనుక. అమ్మానాన్నలకు వచ్చిన అక్షరాలు తెలుగువి. చాలామంది వాటిని బడిలో కాక పాటల పుస్తకంలో, బైబిల్లో కూడబలుక్కుని నేర్చుకున్నారు. బడిలో తెలుగు నిలిచిన యానాం మాట వేరు. మిగతాచోట్ల నేర్పేవారికి ఫోను వచ్చు, తెలుగు చదవడం రాదు. నేర్చుకునేవారికి తెలుగు వచ్చు, ఫోను రాదు.

ఈ చిక్కులోనే దారి కూడా ఉంది. ఫోను సెట్టింగ్స్‌లో భాషను తెలుగుకు మార్చండి. ఆ తరువాత తెర మీద ఏముందో అమ్మనే చదివి చెప్పమనండి. ఆమె చదువుతుంది, మీరు ఎక్కడ నొక్కాలో చెబుతారు. అప్పుడు ఇద్దరూ గురువులే, ఇద్దరూ శిష్యులే. ఆరు నెలల్లో ఆమెకు ఫోను వస్తే, మీకు తెలుగు అక్షరాలు వస్తాయి. అసలు చదవడమే రానివారికి మైకు గుర్తు చూపించండి. తెలుగులో మాట్లాడితే ఫోనే రాసుకుంటుంది.

కొన్ని మాటలు గుర్తుంచుకుంటే చాలు. ఫోను వాళ్ల చేతిలోనే ఉండాలి. మీ వేలు తెరను తాకకూడదు. అక్షరాలు పెద్దవి చేయండి. రోజుకు ఒక్కటే నేర్పండి: ఫోను ఎత్తడం, ఫొటో పంపడం, బ్యాలెన్సు చూడడం. వాళ్లకు అవసరమైన దానితో మొదలుపెట్టండి. ఊళ్లో ఉన్న చెల్లెలితో వీడియోలో మాట్లాడాలని ఉంటే అదే మొదటి పాఠం. మెట్టు మెట్టుగా నోటు పుస్తకంలో వాళ్ల చేతే రాయించండి. నాలుగోసారి అడిగినా విసుక్కోవద్దు. మనకు చెంచా పట్టుకోవడం ఎన్నిసార్లు నేర్పారో వాళ్లు లెక్కపెట్టలేదు.

భయం కూడా తీర్చాలి, జాగ్రత్త కూడా చెప్పాలి. ఏదో నొక్కితే ఫోను పాడవుతుందన్న భయం వద్దు. కానీ డబ్బు విషయంలో మూడు సంగతులు నోటికి రావాలి. మనకు డబ్బు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదు, బ్యాంకువాళ్లమని చెప్పినా సరే. పోలీసు దుస్తుల్లో వీడియోలో కనిపించి “డిజిటల్ అరెస్టు చేశాం” అంటే అది మోసమే. అలాంటి అరెస్టు మన చట్టంలో లేదు. మోసపోతే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే 1930కి ఫోను చేయాలి. తిడతారన్న భయం లేని ఇంట్లోనే పెద్దవాళ్లు ఆ సంగతి సమయానికి చెబుతారు.

అందరూ నేర్చుకోలేరు. చూపు తగ్గినవారు, మంచం పట్టినవారు, పిల్లలు దగ్గర లేనివారు ఉన్నారు. వారి కోసం బ్యాంకులో మనిషి ఉన్న కౌంటరు ఉండి తీరాలని మనం అడగాలి. పోస్టుమ్యాన్ ఇంటికే వచ్చి జీవన ధ్రువీకరణ చేసే ఏర్పాటు ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకుకు ఉంది. ఆ సంగతి వాడవాడకూ తెలియజేయాలి.

మన సంఘాలకు హాళ్లున్నాయి, కుర్చీలున్నాయి, యువతీ యువకులున్నారు. వారానికి ఒక్క గంట, ఒక్కో యువకుడు ఇద్దరు పెద్దవాళ్ల పక్కన కూర్చుంటే వచ్చే నవంబరుకు మన పేటలో పింఛను ఆగినవారు ఉండరు. ఈ ఆదివారం సాయంత్రమే మీ ఇంట్లో మొదలుపెట్టండి. “ఇటివ్వమ్మా” అనడం మానేసి, “నువ్వే నొక్కు, నేను పక్కనే ఉన్నా” అనండి.