పథ్యమంటే మానుటేనా?

చర్మవ్యాధితో వచ్చినవారు కూర్చోగానే అడిగే ప్రశ్న ఒకటే: "ఏమేమి మానెయ్యాలండీ?" బాన్సువాడలో వైద్యం ప్రారంభించిన నాటి నుండి ఈ ప్రశ్న వింటున్నాను. "ఏమేమి తినాలి?" అని ముందుగా అడిగినవారిని వేళ్ళమీద లెక్కింపవచ్చును. ఇందులో రోగుల దోషం లేదు. వారికి ఈ అలవాటు చేసినది మేమే, అనగా వైద్యులమే.

శాస్త్రరీత్యా పథ్యమనగా శరీరానికి హితమై, మనస్సుకు ప్రియమైన ఆహారం. విడువవలసినది అపథ్యం. వాడుకలో ఇవి తారుమారై, పథ్యమంటే ఉప్పు, పులుపు, పప్పు, నూనె లేని చప్పిడి కూడు అనే అర్థం స్థిరపడిపోయింది. చర్మరోగుల విషయంలో ఈ పొరపాటు చాలా హాని చేస్తున్నదని నా అభిప్రాయం.

నేనూ ఆ పొరపాటు చేసినవాడినే. గురుకులవాసం ముగించి వచ్చిన కొత్తలో, విచర్చిక, అనగా ఎగ్జిమాతో బాధపడుతున్న ఒక గృహిణి నా వద్దకు వచ్చింది. కుష్ఠ నిదానంలో చెప్పిన పదార్థాలన్నీ నాకు కంఠస్థం. పాలు, పెరుగు, చేపలు, మినుములు, నువ్వులు, బెల్లం మానమన్నాను. అంతటితో ఆగక, లోకులు చెప్పుకొనే వంకాయ, గోంగూర, పల్లీలు, కందిపప్పు కూడా చేర్చాను. ఆమె నిష్ఠగా పాటించింది. రెండు నెలలకు కాళ్ళమీది రసి కొంత తగ్గినది గాని, పెదవుల మూలలు పగిలాయి. నాలుక ఎర్రబడి మంట. ఒళ్ళంతా పొడిబారి పొలుసులు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం.

భయపడి మా గురువుగారి వద్దకు తీసుకొనిపోయాను. ఆయన నాడి చూసి, "ఏమేమి మానిపించావు నాయనా?" అన్నారు. జాబితా అంతా అప్పగించాను. "సరే, ఏమి తినమన్నావు?" అన్నారు. నా వద్ద సమాధానం లేదు. ఆమె రెండు పూటలా మిల్లు బియ్యపు అన్నంలో చారు పోసుకొని తింటున్నదని అప్పుడు తెలిసింది! ఆ రోజే ఆమెకు పెసరపప్పు, తోటకూర, నెయ్యి మొదలుపెట్టించారు. నా చేత చరక సంహితలో కుష్ఠ చికిత్స తిరిగి చదివించారు. పాత ధాన్యాలు, పెసలు, చేదు ఆకుకూరలు తినవలసినవిగా అక్కడే ఉన్నాయి. వల్లించినప్పుడు నేను వాటిని దాటిపోయాను, అంతే.

ఆహారలోపం చర్మంపై ఎట్లా పడుతుందో తెలుసుకొనుటకు మన దక్కను చరిత్రే చాలును. 1931లో నిజాంసాగర్ పూర్తయి కాలువలు పారక మునుపు, మా మెట్ట పొలాల్లో జొన్న పండించుకొని తినేవారు. నేడు జొన్నరొట్టెను సర్వరోగ నివారిణి అని పొగుడుతున్నారు. జొన్న మంచి ధాన్యమే. అయితే జొన్నలు తప్ప మరేమీ దొరకని పేదలకు దక్కనులో ఒక వ్యాధి వచ్చేది. మెడ చుట్టూ, ముంజేతులపై, పాదాలపై, ఎండ తగిలే చోట్లనే చర్మం నల్లబడి, గరుకెక్కి, పొలుసులూడేది. ముదిరితే విరేచనాలు, మతిభ్రమణం. దాని పేరు పెల్లగ్రా. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో మక్కజొన్నపై ఆధారపడినవారిలో ఇది ప్రబలినప్పుడు, అది అంటురోగం కాదనీ, ఆహారలోపమనీ 1915 ప్రాంతంలో డాక్టర్ జోసెఫ్ గోల్డ్‌బర్గర్ చూపించారు. జొన్న తినేవారికి ఎందుకు వస్తున్నదని శోధించినవారు హైదరాబాదులోని పోషకాహార పరిశోధనశాల శాస్త్రజ్ఞులు. జొన్నలో అధికంగా ఉన్న లూసిన్ అనే పదార్థం ఇందుకు కారణమని డాక్టర్ గోపాలన్, డాక్టర్ శ్రీకంఠయ్య 1960లో సూచించారు. దానిపై తరువాత వాదోపవాదాలు జరిగాయి గాని, నయాసిన్ అనే బి విటమిన్ శరీరానికి చాలకపోవుటే మూలమన్నది నిర్వివాదం. పల్లీలు, పప్పులు, పాలు, గుడ్లు, మాంసం ఆ లోటు తీరుస్తాయి.

నేను ఆ గృహిణిచేత మానిపించినవాటిలో పల్లీలు, పప్పు, పాలు మూడూ ఉన్నాయని పాఠకులు గమనించే ఉంటారు.

పెల్లగ్రా ఇప్పుడు అరుదు. తిండి మాని మద్యంతో కడుపు నింపుకొనేవారిలో అప్పుడప్పుడు కనిపిస్తుంది. మధ్యతరగతి ఇళ్ళలో కొరత వేరు. పళ్ళెం నిండా తెల్లని అన్నం, అంచున చెంచాడు కూర. ముఖం కళ తప్పిందని ఆడపిల్ల క్రీము కొనితెచ్చుకుంటుంది. అందులో స్టెరాయిడు ఉండవచ్చును. అనేక స్టెరాయిడు క్రీములను డాక్టరు చీటీ లేనిదే అమ్మరాదని 2018లో కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు చేసింది. అయినా అడిగితే ఇచ్చే దుకాణాలకు లోటు లేదు. ఆ డబ్బుతో వారం పొడుగునా తోటకూర, మునగాకు వస్తాయి. వాటిని కొద్ది నూనెతో వండాలి, లేనిచో అందులోని సారం సరిగా వంటబట్టదు. ఉసిరి దొరకని కాలంలో జామ, నిమ్మ ఉన్నాయి.

ఏదైనా తిన్న ప్రతిసారీ దద్దుర్లు లేచేవారు దానిని మానవలసిందే, సందేహం లేదు. స్పర్శ తెలియని మచ్చ కనబడితే మాత్రం ఆహారం మార్చి చూస్తూ కూర్చోక, వెంటనే ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకోవాలి.

ఇప్పుడు నేను చీటీ వ్రాసేటప్పుడు కాగితాన్ని నిలువుగా మడుస్తాను. ఎడమవైపు మానవలసినవి: మూడింటికి మించవు, 21 రోజులకు మించి కాదు. గుణం కనిపించకపోతే తిరిగి తినమంటాను. కుడివైపు తినవలసినవి వ్రాస్తాను. మీ వైద్యుడు ఇచ్చిన చీటీలో కుడివైపు ఖాళీగా ఉంటే, మొహమాటపడక వెనక్కి ఇచ్చి అడగండి.