ఇంట్లో పది నిమిషాలు

పళ్లెంలో బియ్యం పోసి, చూపుడువేలు పట్టి పిల్లల చేత ఓనమాలు దిద్దించే వేడుక మన ఇళ్లలో ఘనంగానే జరుగుతుంది. మర్నాడు పలక బడి సంచిలోకి, బాధ్యత పంతులుగారి మీదికి పోతుంది. ఫలితం కళ్లెదుటే ఉంది. దేశంలోని గ్రామీణ ప్రభుత్వ పాఠశాలల్లో మూడవ తరగతి పిల్లల్లో రెండవ తరగతి పాఠం చదవగలిగిన వారు నూటికి 23 మందేనని 2024 నాటి 'అసర్' సర్వే తేల్చింది.

ఇందులో తప్పు పిల్లలది కాదు, ఒక్క బడిదే కూడా కాదు. క గుణింతం గడగడ వల్లించే పిల్లవానికి మధ్యలో 'కె' చూపించి ఇదేమిటని అడిగితే, మళ్లీ 'క' నుంచి ఎత్తుకుంటాడు. అది నోటికి వచ్చిన పాటే గాని చదువు కాదు. అక్షరాన్ని విడిగా గుర్తుపట్టడం వస్తేనే మాట చదవడం వస్తుంది.

ఇది నేర్పడానికి ఇల్లే అనువైన చోటు. రాత్రి అన్నాలయ్యాక పది నిమిషాలు చాలు. 'పడు-పాడు', 'మెడ-మేడ' వంటి జంట మాటలు పలికి రాయిస్తే దీర్ఘం సంగతి చెవికే తెలుస్తుంది. వత్తులన్నీ ఒక్కసారే రుద్దరాదు. 'అమ్మ', 'అన్న', 'అత్త', 'అయ్య' అనే పిలుపులతో మొదలుపెడితే, రూపు మారే మ, న, త, య వత్తులు సులువుగా పట్టుబడతాయి. తప్పు రాస్తే మొట్టికాయ వేయడం కాదు, రాసినదాన్ని వారి చేతనే చదివించాలి. తేడా విని వారే దిద్దుకుంటారు.

'మాకే చదువు రాదు, మేమేం నేర్పగలం?' అని కూలికి వెళ్లే తల్లిదండ్రులు వెనుకాడనక్కరలేదు. బిడ్డ చదువుతుంటే పక్కన కూర్చుని వినడం, కథలో ఏం జరిగిందని అడగడం వారూ చేయగల పనే.

అయితే చదవడానికి పుస్తకమంటూ ఉండాలి. చిరిగిపోతాయన్న భయంతో కథల పుస్తకాలను బీరువాలో పెట్టి తాళం వేసే పాఠశాలలు వాటిని పిల్లలతో ఇళ్లకు పంపాలి. చెదలు తినడం కంటే చేతుల్లో నలగడమే మేలు. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను కూడా చెల్లిస్తున్న ప్రజలకు, శాఖా గ్రంథాలయాల్లో చిన్నపిల్లల పుస్తకాలు కావాలని అడిగే హక్కు ఉంది. విద్యాశాఖ, గ్రంథాలయ సంస్థ అధికారులు ఈ విషయమై వెంటనే శ్రద్ధ వహించాలి.

బియ్యంలో దిద్దిన అక్షరం ఆ పూటకే చెరిగిపోతుంది. దాన్ని నిలబెట్టవలసింది ఇంటివారే.