ఇండికేటర్‌ను ఇండికేటర్‌గానే ఉండనివ్వండి

జిల్లా రవాణా అధికారి గారికి,
జంషెడ్‌పూర్, తూర్పు సింగ్‌భూమ్.

అయ్యా,

మానగోలో ఉంటున్న తెలుగువాణ్ణి. పోయిన జనవరిలో ఉదయం షిఫ్టుకు స్కూటర్ మీద సువర్ణరేఖ వంతెన దాటాను. దట్టమైన పొగమంచు. ఎదురుగా వస్తున్న కారుకు రెండు వైపులా పసుపు దీపాలు నిలకడగా వెలుగుతున్నాయి. తిన్నగా పోతుందనుకుంటే గబుక్కున నా ముందుకు తిరిగింది. ఇండికేటర్ వేశాడట! అప్పటికే వెలుగుతున్న దీపం కాస్త మిణుకుమంటే ఆ మంచులో ఎవడికి తెలుస్తుంది? మోకాలు చెక్కుకుపోయింది, అంతటితో బతికిపోయాను.

ఇండికేటర్ పగటి దీపంలా ఎప్పుడూ వెలగాలని కొన్ని దుకాణాల్లో హెడ్‌లైట్ వెనక వైరు కోసి, పార్కింగ్ లైటు కరెంటును ఇండికేటర్ బల్బుకు కలిపేస్తున్నారు. అరగంట పని. మా మేనల్లుడూ చేయించుకొచ్చాడు, తిట్టి తీయించాను. ఇండికేటర్ నిమిషానికి 60 నుంచి 120 సార్లు ఆరి వెలగాలి. ఆ ఆరడంలోనే ఉంది కబురంతా. పగటి దీపం కావాలంటే తెల్లది విడిగా ఉంటుంది. కొత్త బైకులకైతే అదీ అక్కర్లేదు, 2017 ఏప్రిల్ నుంచి వాటి హెడ్‌లైటే ఆరదు.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఇలాంటి మార్పులకు అడ్డు చెబుతోంది. 2019 సవరణతో ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా కూడా పడొచ్చు. సొంత కారు ఫిట్‌నెస్ పరీక్షకు వచ్చేది 15 ఏళ్లకు గదా, అంతదాకా చూసేదెవరు?

ముందు వైర్లు కలిపే దుకాణాలకు మీ మనుషుల్ని పంపండి. కార్లవాళ్లకు నెల గడువివ్వండి. ఈసారి మంచు దిగేలోపు ఈ పని జరిగితే చాలు.

ఇట్లు,
మానగో స్కూటరిస్టు