ఓటుకు ఒక్కరోజు చాలదు, నెలన్నర అక్కర్లేదు

అమెరికాలో అధ్యక్ష ఎన్నిక నవంబరులో మంగళవారంనాడే ఎందుకు జరుగుతుందో మన రైతాంగం తెలుసుకోదగిన విషయం. 1845లో ఆ చట్టం చేసేనాటికి ఆ దేశం ఎక్కువగా సేద్యం మీదే బతికేది. నవంబరుకు కోతలు అయిపోతాయి. ఆదివారం చర్చి, బుధవారం చాలాచోట్ల సంత. బండి కట్టుకుని పోలింగు ఊరికి చేరడానికి సోమవారం కావాలి. అందుకని మంగళవారం పెట్టారు. అంటే ఓటు రోజును రైతు పని చూసి నిర్ణయించారన్నమాట! (బానిసలకూ ఆడవాళ్ళకూ అప్పుడు ఓటే లేదు, అది వేరే సంగతి.)

ఇవాళ ఆ మంగళవారం దేశమంతటికీ సెలవు కాదు. గంటల లెక్కన పనిచేసేవాడు పని మానితే ఆ పూట కూలి పోయినట్టే. అందుకే చాలా రాష్ట్రాలు ముందస్తు పోలింగు పెట్టాయి. మిన్నెసోటాలో 46 రోజుల ముందునుంచే ఓటు వేయొచ్చు. ఇది ఎవరికి మేలో నార్త్ కరోలినా పాలకులే చూపించారు. 2013లో 17 రోజుల గడువును 10కి కోసేశారు. కోసేసిన ఆ మొదటి రోజుల్లో ఎక్కువగా ఓటేసేది నల్లజాతివాళ్ళు. అది కావాలని వాళ్ళను దెబ్బతీయడానికి చేసిన చట్టమని 2016లో అప్పీలు కోర్టు కొట్టేసింది.

నష్టం లేదా అంటే ఉంది. 2017 మేలో మొంటానా ఉప ఎన్నికకు ముందురోజు గ్రెగ్ జియాన్‌ఫోర్టే అనే అభ్యర్థి ఒక విలేకరిని కింద పడేసి కొట్టాడు. అప్పటికే చాలా ఓట్లు టపాలో చేరిపోయాయి. వేసినవాడు మనసు మార్చుకుని ఏం లాభం? అతనే గెలిచాడు.

మన ఊళ్ళలోనైతే అంతకన్నా పెద్ద చిక్కుంది. పోలింగు ముందు 48 గంటలు ప్రచారం బందు, మందు బందు. ఆ రెండు రాత్రుల్లో ఏం పంచుతారో కూలిపేటలకు చెప్పాలా? పోలింగు 46 రోజులైతే పంపకమూ 46 రాత్రులే. డబ్బున్న పార్టీ అన్నాళ్ళూ ఏజెంటును కూర్చోబెట్టగలదు. కూలి మానుకుని కూర్చునే మన ఏజెంటు ఎన్నాళ్ళు కూర్చుంటాడు? పెట్టెలకు కాపలా ఎవరు?

అయినా ఒక్కరోజే చాలంటే ఒప్పుకోం. దినకూలీకైనా పోలింగునాడు జీతంతో సెలవివ్వాలని ప్రజాప్రాతినిధ్య చట్టం 135బి సెక్షను చెబుతుంది. ఆ మాట మేస్త్రీ నోట విన్న కూలీని చూపించండి! పాలమూరు నుంచి ముంబైకీ, అనంతపురం నుంచి బెంగుళూరుకూ పోయినవాడు ఓటేయాలంటే రానూపోనూ ఛార్జీలు, రెండుమూడు రోజుల కూలి వదులుకోవాలి.

పోలింగుకు ముందే ఓటు వేయడం మనకు కొత్తేం కాదు. ఎన్నికల డ్యూటీ ఉద్యోగులకు పోస్టల్ బ్యాలెట్ ఉంది. 2024లో 85 ఏళ్ళు దాటినవాళ్ళకు ఇంటికే పెట్టె వచ్చింది. అది మంచిదే. వలస కూలీ దగ్గరకొచ్చేసరికే చట్టం చేతులు ముడుచుకుంటుంది. 72 నియోజకవర్గాల ఓట్లు ఒకేచోట వేయించే యంత్రాన్ని 2022 డిసెంబరులో ఎన్నికల సంఘం ప్రతిపాదించింది. ప్రతిపక్షాలు సందేహాలు లేవనెత్తాయి, సందేహాలు న్యాయమైనవే. 2024 ఎన్నికల్లో దాన్ని వాడలేదు.

కనుక మనం అడగాల్సింది నెలన్నర కాదు. మూడు రోజులు, అందులో ఒకటి ఆదివారం. ఆ మూడు రోజులూ మందు బందు. సాయంత్రం పెట్టెకు సీలు వేసేటప్పుడు ప్రతి పార్టీ ఏజెంటూ ఎదురుగా ఉండాలి. ఆ ఏజెంటుకు రోజుకూలి ఎన్నికల ఖర్చులోంచే చెల్లించాలి.