అగాధమునకు అడుగు లేదా?

లోతు మిక్కుటమై అడుగు కానరాని చోటును అగాధమందురు. పదము అందఱు నెఱిగినదే. అయినను తరగతిలో విద్యార్థి యొకడు ఇట్లు ప్రశ్నింపవచ్చును: “న్యాయము కానిది అన్యాయము, ధర్మము కానిది అధర్మము. అట్లే లోతు లేనిది అగాధము కావలెను గదా!” ప్రశ్న యుక్తమైనదే. సమాధానము ‘గాధ’ శబ్దమున నున్నది.

గాధమనగా లోతు కాదు. కాలూని నడచి దాటదగిన నీరు. ఇంద్రుడు సుదాసునికొఱకు పొంగి పాఱు జలములను గాధములుగా జేసెనని ఋగ్వేదము 7వ మండలమున 18వ సూక్తము చెప్పుచున్నది. కాలు నిలువని నీరు అగాధము. అమరసింహుడు దీనికి ‘అతలస్పర్శ’మని పర్యాయము చెప్పెను. అడుగు లేదని కాదు, అందదని భావము. 1960 జనవరి 23న జాక్ పికార్డ్, డాన్ వాల్ష్ అను నిరువురు పసిఫిక్ మహాసముద్రమున మరియానా కందకపు టడుగును, సుమారు 11 కిలోమీటర్ల లోతున, చేరుకొనిరి. అయినను ఆ జలము అగాధమే. ఈ పదము కొలుచునది నీటిని గాదు, మనుష్యుని కాలిని.

ఇక వ్రాత మాట. ‘అగాథ’మని వ్రాయువారు పెక్కండ్రు. థకార ధకారములకు వ్రాతలో భేదము నడిమి చుక్క యొక్కటే. అర్థభేదము మాత్రము గొప్పది. గాథ యనగా పాట, కథ. ‘వీరగాథ’ను ‘వీరగాధ’గా అచ్చొత్తినచో వీరుని చరిత్రము మోకాటిలోతు నీరగును! ‘గాఢము’ వేఱొకటి; దృఢము, దట్టము అని దాని యర్థము. ఈ మూడు ఒత్తక్షరములను వేఱువేఱుగ పలికించుటకు ఉపాధ్యాయుడు వెచ్చించు నిమిషము వృథా గాదు.

‘ఇరువురి నడుమ అగాధ మేర్పడె’నను పత్రికల వాడుకను ఆంగ్లానుకరణమని త్రోసివేయ నక్కఱలేదు. ఒకరినుండి యొకరికి దాట వీలులేదను మూలార్థము అందు చెక్కుచెదరక యున్నది.

దాటు రేవునకు సంస్కృతమున తీర్థమని పేరు. గురువునకును అదియే పేరు. కనుకనే ఒక గురువునొద్ద చదివినవారు సతీర్థ్యులైరి. వ్యాకరణ మగాధమని బాలుని బెదరించుట సులభము. వాని కాలు ఆను చోటు చూపుట కష్టము. అది చూపినవానికే ఆ పేరు చెల్లును.