ఘనపురానికి కావలసిన వైద్యుడు

ఓరుగల్లు సీమలో ఘనపురాలు ఒకటి కంటే ఎక్కువే ఉన్నాయి. కాకతీయుల కోటగుళ్ళున్నది ఒకటి, కాజీపేట-సికింద్రాబాదు రైలుదారి మీద ఉన్నది మరొకటి. రైలుదారిలో ఉన్నది గనుక రెండోది స్టేషన్ ఘన్‌పూర్ అయింది. 2016 వరకు వరంగల్ జిల్లాలో ఉండి, ఆ ఏడు జనగామ జిల్లాలో చేరింది. రైలూ, హైదరాబాదు రహదారీ రెండూ ఉన్న ఊరిది. కొండల మధ్య గూడెం కాదు. పల్లె వైద్యం గురించి మాట్లాడేటప్పుడు నాకు ఈ ఊరే గుర్తుకు రావడానికి కారణం అదే. ఇటువంటి ఊళ్ళకు కొరత దారిది కాదు, తర్ఫీదుది.

తెలంగాణ ఏర్పడిన 2014లో తొలి ఆరోగ్యమంత్రి అయిన తాటికొండ రాజయ్య గారు ఈ నియోజకవర్గం నుంచి గెలిచినవారే, స్వయంగా వైద్యులు కూడా. ఆ ఏడాదే జూనియర్ డాక్టర్లు ఏడాదిపాటు నిర్బంధ గ్రామీణ సేవ వద్దంటూ వారాల తరబడి సమ్మె చేశారు. శాశ్వత ఉద్యోగాలిస్తే పల్లెకు పోతామన్నది వారి వాదన. ప్రజల సొమ్ముతో చదివినవారు ప్రజలకు ఒక్క ఏడాది ఇవ్వలేరా అన్నది ఎదుటి వాదన. రెంటిలోనూ న్యాయముంది. కాని ఆ గొడవలో ఒక ప్రశ్న సరిగా వినబడలేదు: పల్లెలో చేయవలసిన వైద్యాన్ని ఆ పిల్లలకు నేర్పినదెవరు?

పెద్దాసుపత్రిలో గుండెకొక విభాగం, ఎముకకొక విభాగం. పల్లెలో అన్నిటికీ ఒక్కటే బల్ల. పత్తిచేనుకు పురుగుమందు కొట్టి సోలిపోయిన కూలీ, తాటిచెట్టు మీదినుంచి జారిపడిన గీత కార్మికుడు, బీపీ మాత్రలు అయిపోయి నెల దాటినా నోరు విప్పని అవ్వ, ఆమె వెంట జ్వరంతో వచ్చిన మనుమడు, వీరందరూ ఒకే పూట ఆ బల్ల ముందుకు రావచ్చు. ఎవరిని తక్షణం వరంగల్ ఎం.జి.ఎం.కు పంపాలి, ఎవరిని ఇక్కడే ఉంచుకోవచ్చు, ఎవరికి అసలు మందే అక్కరలేదు అని తేల్చడమే కుటుంబ వైద్యుడి విద్య. పంపడం తేలిక. పంపనక్కరలేదని బాధ్యతతో చెప్పడమే కష్టం. ఆ నిబ్బరం పుస్తకంతో రాదు. అదే పని చేస్తున్న గురువు పక్కన కూర్చుంటే వస్తుంది.

ఇప్పుడు ఆ స్థానంలో ఉన్నది ఆర్.ఎం.పి. అర్ధరాత్రి పిలిచినా వస్తాడు, ఉద్దెర పెడతాడు, ఇంటి గుట్టు తెలిసినవాడు. అక్కరలేని సూదులూ, అడ్డదిడ్డంగా యాంటీబయాటిక్కులూ ఇచ్చేదీ అతడే. 2000ల చివర ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం వీరికి శిక్షణ ఇప్పించబూనడంలోనే ఒక ఒప్పుకోలు ఉంది. చదివినవాడు రాడు, వచ్చినవాడు చదవలేదు!

పెద్దలకు ఇది తెలియక కాదు. 1946లోనే భోర్ కమిటీ ప్రాథమిక వైద్యం చేయగల మామూలు డాక్టరును తయారు చేయాలంది. 1977లో వచ్చిన పథకం ప్రతి వైద్య కళాశాలకూ మూడేసి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలను అప్పగించాలనుకుంది. ఇప్పుడు పీజీ విద్యార్థులు మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయాలన్న నియమముంది. మంచిదే. కాని మూడు నెలల్లో వైద్యుడికి ఊరు తెలియదు, ఊరికి వైద్యుడు తెలియడు. 2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 'ఫ్యామిలీ డాక్టర్' పేరుతో వైద్యులను నెలకు రెండుసార్లు ఊళ్ళకు పంపింది. పేరు సరైనదే; ఆ పేరుకు తగిన చదువు మాత్రం ముందుగా ఏర్పడలేదు.

ఆ చదువు మన దేశంలో లేక కాదు. కుటుంబ వైద్యంలో డి.ఎన్.బి. ఉంది, ఎం.డి. ఉంది. జపానులో 1972లో మొదలైన జిచి వైద్య విశ్వవిద్యాలయం ఒక్కొక్క జిల్లా నుంచి ఇద్దరు ముగ్గురిని ఎంచి, ఫీజు లేకుండా చదివించి, తొమ్మిదేళ్ళు సొంత ప్రాంతానికే పంపుతుంది. అక్కడా నిర్బంధం ఉన్నది, కాని చేరిననాటి నుంచే ఆ పని కోసం తయారైనవాడి మీద!

జనగామలో 2023లో 100 సీట్లతో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. తొలి జట్టు 2029 ప్రాంతంలో బయటికి వస్తుంది. ఈలోపే అక్కడ కుటుంబ వైద్య విభాగం పెట్టి, స్టేషన్ ఘన్‌పూర్ ఆసుపత్రిని బోధనా కేంద్రం చేయాలన్నది నా ప్రతిపాదన. మూడేళ్ళ పీజీ. కాన్పులకూ, అత్యవసర చికిత్సకూ కొన్ని నెలలు ఎం.జి.ఎం.లో, తక్కిన కాలమంతా ఇక్కడే, అవే కుటుంబాలతో. అన్నిటికంటే ముఖ్యం, ఆ ఊళ్ళోనే కాపురముండే ఒక ఆచార్యుడు. గురువు సాయంత్రం రైలెక్కి వెళ్ళిపోతే శిష్యుడు నేర్చుకునేది ఆ రైలు వేళలే.

ఆ కోర్సులో ఎవరు చేరతారని అడగవచ్చు. గుండె వైద్యుడితో సమానమైన హోదా, జీతం, పదోన్నతి లేకపోతే ఎవరూ చేరరు. వట్టి చాకిరీకి మనుషులు దొరికారని పీజీలను వాడుకున్నా పథకం చెడుతుంది. ఖర్చుంది, కాదనను. కాని ఆరోగ్యశ్రీ కింద 2007 నుంచి పెద్ద ఆపరేషన్లకు వెచ్చిస్తున్న మనం, ఆ ఆపరేషన్ అవసరం రాకుండా బీపీ చూసే మనిషిని తయారు చేయడానికి వెనుకాడడం ఏమి లెక్క?

మీ ఊళ్ళో మీ అమ్మానాన్నలు జ్వరమొస్తే మొదట ఎవరి దగ్గరికి వెళుతున్నారు? ఒకసారి అడిగి చూడండి. వాదన అక్కడి నుంచి కొనసాగిద్దాం.