యంత్రానికి వీడ్కోలు – కార్మికునికి హామీ ఏది?

2024 ఏప్రిల్ 22న ముంబయి నుండి ఎయిర్ ఇండియా వారి బోయింగ్ 747 విమానం గాలిలోకి లేచి, రెక్కలు ఊపి సెలవు తీసుకొని అమెరికాకు వెళ్ళిపోయినది. 1971లో ‘ఎంపరర్ అశోక’ అను మొదటి జంబో వచ్చిన నాటినుండి దూరదేశాల ప్రయాణానికి పేరుపడిన విమానమది. నాలుగు ఇంజన్లకు పట్టే ఇంధనం కంటె రెండు ఇంజన్ల విమానానికి తక్కువ చాలును. కనుక ఆ నిర్ణయాన్ని మనం తప్పుపట్టడం లేదు. పాత యంత్రాన్నే పట్టుకొని వేలాడమని ఏ కార్మిక సంఘమూ కోరదు.

రైల్వే, తపాలా ఉద్యోగులకు విమానాల ఊసెందుకని కొందరు మిత్రులు అడుగవచ్చును. మొదటి జంబోలను నడపడానికి ఇద్దరు పైలట్లు, ఒక ఫ్లైట్ ఇంజనీరు ఉండేవారు. 1993లో వచ్చిన 747-400 రకంలో ఆ మూడవ కుర్చీ లేదు. ఇంజనీరు పనిని కంప్యూటరు చేపట్టినది. విమానం పేరు మారలేదు, ఒక వృత్తి మాత్రం అంతరించినది. బొగ్గు వేసిన ఫైర్‌మన్‌ను ఎరిగిన ఖరగ్‌పూర్‌కు ఈ కథ కొత్తది కాదు.

అయితే ఒక భేదమున్నది. చిత్తరంజన్ కర్మాగారం 1970లో ‘అంతిమ్ సితారా’తో బ్రాడ్‌గేజి ఆవిరి ఇంజన్ల తయారీని ముగించగా, బ్రాడ్‌గేజిపై చివరి ఆవిరి రైలు 1995 డిసెంబరు 6న నడిచినది. మధ్యలో పాతికేళ్ళు గడిచినవి. ఫైర్‌మన్ డీజిల్ అసిస్టెంటు కావడానికి, షాపులోని పనివాడు కొత్త పని నేర్వడానికి ఆ వ్యవధి తోడ్పడినది. నేడు అంతటి గడువు ఎవరిస్తున్నారు? 2013 జూలైలో టెలిగ్రాం ఆగినది. 2025లో రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో విలీనమైనది. ఈ రెండవ మార్పునకు ప్రకటన నుండి అమలు వరకు పట్టినది కొద్ది నెలలే.

2022 జనవరి 27న ఎయిర్ ఇండియా టాటాల పరమైనది. ఏడాదిపాటు ఎవరినీ తొలగించరాదని, ఆ తరువాత తొలగింపు అవసరమైతే స్వచ్ఛంద విరమణ అవకాశం ఇవ్వవలెనని షరతు. ముంబయి కలీనా కాలనీలోని ఉద్యోగ కుటుంబాలకు క్వార్టర్లు ఖాళీ చేయమని నోటీసులు అందినవి. క్వార్టర్లలో పుట్టి, క్వార్టర్లలోనే పిల్లలను పెంచుకొన్న మన ఖరగ్‌పూర్ తెలుగు కుటుంబాలకు ఆ బాధ చెప్పనక్కరలేదు.

1927లో బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో రిట్రెంచిమెంటు తలపెట్టినపుడు కార్మికులు ఎదురు నిలిచినారు. వారికి నాయకత్వం వహించిన వి.వి. గిరి అనంతరం రాష్ట్రపతి అయినారు. ఆ తరం కోరినది నిన్నటి పనిముట్టును కాదు, రేపటి కూలికి భరోసాను.

మన కోర్కెలూ అవే. ఏ యంత్రాన్ని, ఏ సేవను తొలగించదలచినా తేదీ నిర్ణయించుటకు ముందే గుర్తింపు పొందిన సంఘాలతో చర్చించవలెను. డ్యూటీ వేళలలో, పూర్తి జీతంతో కొత్త పనిలో శిక్షణ ఇవ్వవలెను. గ్రేడు, సీనియారిటీ, క్వార్టరు చెక్కుచెదరరాదు. మిగిలిన పనిని కాంట్రాక్టర్లకు అప్పగించరాదు. ఇవన్నీ నోటిమాటగా గాక, సంతకం చేసిన ఒప్పందంగా ఉండవలెను.

ఉత్తరువు చేతికందిన తరువాత మేల్కొనుటలో ప్రయోజనం లేదు. మీ షాపులో, మీ షెడ్డులో, మీ సార్టింగు హాలులో రేపు ఏది తొలగిపోనున్నదో నేడే గుర్తించి శాఖా సమావేశంలో చర్చకు పెట్టండి.